చెక్కుబందీ

ఆదోని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందర
రేకుల కింద ముప్పై ఒక్క ఏండ్లు
ఊరోళ్ళ కాగితాలు చదివి పెట్టినోణ్ణి.
పట్టా చదువుతా, పారీఖత్తు చదువుతా,
అరిగిపోయిన వేలిముద్ర చూసి
ఆ మనిషి బండలు కొట్టేటోడా, బట్టలుతికేటోడా చెప్తా.
ఇప్పుడు నా తలకాయ కాగితం
నా చేతికొచ్చింది.

కర్నూల్లో, గాయత్రి ఎస్టేట్‌లో
గొట్టంలో పండబెట్టి, చెవులకు దూది పెట్టి,
అర్ధగంట సుత్తులతో కొట్టినట్టు కొట్టి
కవరు ఇచ్చినారు.
కవరు మీద నర్సోజి అని ఉండాల్సింది
నర్సాజి అని ఉంది.
పేరు తప్పితే దస్తావేజు చెల్లదు.
ఒక్క నిమిషం ఆ సంతోషం కూడా పడినా:
ఈ మెదడు ఇంకెవరిదో.

న్యూరాలజిస్టు గురువారం గానీ కూర్చోడు.
ఈ పొద్దు ఆదివారం.

బస్సులోనే విప్పినా. కోడుమూరు దాటేసరికి
మొదటి పేజీ నాకు తెలిసిన భాషే అనిపించింది.
కుడి, ఎడమ, ముందర, వెనక...
మెదడుకు చెక్కుబందీ రాసినారు.
మిడ్‌లైన్ షిఫ్ట్ లేదు:
మధ్య గట్టు జరగలేదు.
మాస్ ఎఫెక్ట్ లేదు:
ఎవరూ ఆక్రమించి గుడిసె వేయలేదు.
వెంట్రికిల్స్ అన్‌రిమార్కబుల్:
చెప్పుకోదగ్గది ఏమీ లేదంట.
ఇంకోసారైతే ఆ మాటకు
మొగం మాడ్చుకునేవాణ్ణి.
బస్సులో దానికి దండం పెట్టినా.

రెండో పేజీలో ఆగినా.
రెండు పక్కలా తెల్ల పదార్థంలో
కొన్ని చిన్న తెల్ల చుక్కలు, నాన్‌స్పెసిఫిక్.
సున్నం కొట్టిన గోడ మీద సున్నం చుక్కను
వీళ్ళు ఎట్లా చూసినారో!
ఇంట్లో ఫిల్మును ట్యూబులైటుకు పట్టుకుంటే
తుల్జాబాయి వచ్చి చూసి
"అక్రోటు కాయ మాదిరుంది" అని వంటింట్లోకి పోయింది.
మేనల్లుడు ఫోన్లో వెతికి
మొదట ఏం కాదన్నాడు.
తర్వాత గొంతు తగ్గించి
"బీపీ మాత్ర వేసుకుంటాండావా మామా" అన్నాడు.
తర్వాత ఫోను జోబీలో పెట్టుకున్నాడు.
ఆ పెట్టుకోవడం కూడా చదివినా.

చివర్న ఇంప్రెషన్ అని ఉంది.
మా అంగట్లో ఇంప్రెషన్ అంటే ఎడమ బొటనవేలు.
దాని కింద ఒక్క ముక్క:
క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్.
ఆ రాత్రి ఆ ముక్క కాడే తెల్లారింది.

టీ అంగడి దగ్గర స్టాంపుల మౌలాలికి చూపిస్తే
అద్దాలు తుడుచుకుంటా నవ్వినాడు.
"నువ్వే కదప్పా అందరికీ చెప్పేది,
రికార్డు చూసి భూమి కొనొద్దు,
గట్టెమ్మడి ఒకసారి నడిచి రాండి అని.
వాళ్ళూ అదే రాసినారు.
పొలం చూసేటోడు ఇంకా రాలే, అంతే."

పొలం అంటే ఈ కుడి చెయ్యి.
ఇంటికి పోయి చిత్తు పుస్తకాలు దించినా.
ఎంత కంప్యూటరొచ్చినా మొదటి చిత్తు నా చేతిదే.
జూన్ నుంచి వెనక్కి తిప్పుకుంటా పోయినా,
మే, ఏప్రిల్...
మార్చి పదారు. బోయ ఉరుకుందప్ప దానపట్టా.
"తూర్పు: పెద్దీరన్న కళ్ళం" అనే కాడ
ళకారం తోక తెగింది.
కలం సగంలో ఆగి, మళ్ళా దుమికింది.
ఆ పైన ప్రతి పేజీలో అక్షరాలు గీత దిగి,
కుంటి గొర్రె మంద వెనక పడినట్టు నడుస్తాండాయి.
నాకు తెలీలే. కాగితానికి తెలుసు.

తెల్ల చుక్కకూ తెగిన తోకకూ చుట్టరికం ఉందో లేదో
అది నేను పూరించే కాలమ్ కాదు.
నాకు తెలిసింది రాసిపెట్టినా:
చెయ్యి మొద్దుబారిన తేదీలు, గ్లాసు జారిన రోజు,
మాత్ర మింగని పదకొండు దినాలు
(తుల్జాబాయికి చెప్పలేదు).
రెండు చోట్ల కొట్టివేత పడింది.
కొట్టివేత పక్కన చిన్న సంతకం మా పద్ధతి.
పెట్టినా. వంకర పోయింది.
దిద్దలేదు. అదీ చూడనీ.

గురువారం ఆరున్నర బస్సు.
చేతిసంచిలో కవరు, చిత్తు పుస్తకం.
పోయిన వెంటనే ముందుగాల
పేరు సరిచేయమంటా, నర్సోజి అని.
ఆ తర్వాత హద్దులు.